కళ్ళద్దాల్లో గాజుల చేతులు

బెంగుళూరు కంపెనీ పిల్లోడు హేమ చేతుల్ని పెట్టెలో పట్టుకుపోతున్నాడని పక్కింటి బయమ్మ పాలకేంద్రం దగ్గర చెప్పిందట. ఇంక ఆ పిల్లకు సంబంధాలు రావని కూడా తేల్చేసిందట.

అందులో సగం నిజమే. 2009 నాటికి కళ్యాణదుర్గం చుట్టుపక్కల చేతిపంపులు బాగుచేసే మెకానిక్ హేమ ఒక్కతే. ఆమె పని చేస్తుంటే ఆ కంపెనీ పిల్లోడు అభిలాష్ కెమెరా పెట్టి చేతుల్ని రికార్డు చేస్తున్నాడు. అతను తెచ్చిన లావుపాటి కళ్ళద్దాలు పెట్టుకుంటే, ఎదురుగా ఉన్న పంపు మీదే గాజులేసుకున్న రెండు చేతులు తేలుతూ కనిపిస్తాయి. ఏ బోల్టు ముందు విప్పాలో చూపిస్తాయి. వాటిని చూసుకుంటూ కొత్తవాళ్ళు పని నేర్చుకోవాలి.

"పనంతా దాంట్లో పోసేస్తే రేపు నన్నెవరు పిలుస్తారప్పా?" అని మొదటిరోజే అడిగింది హేమ.

"నిన్ను ట్రైనర్‌ను చేస్తారు."

"ఎవరు చెప్పినారు?"

అభిలాష్ నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. అందుకే ఆమెకు అనుమానం ఇంకా ముదిరింది.

లైటు సరిగ్గా లేదని చేసిన పనే మళ్ళీ చేయించేవాడు. ఎండ నిప్పులు చెరుగుతుంటే లైటుకేమి తక్కువ? టీ తెచ్చిచ్చేవాడు. కెమెరాలోకి చూడాల్సినవాడు ఆమె ముఖంలోకి చూసేవాడు. పని లాక్కోవడానికి వేసే ఎత్తులన్నీ ఇట్లాగే ఉంటాయనుకుంది హేమ.

చివరిరోజు కావాలనే తోలు వాషర్‌ను తలకిందులుగా బిగించింది. గిన్నెలా ఉండే ఆ వాషర్ నోరు పైకి ఉంటేనే నీళ్ళు ఎక్కుతాయి. అభిలాష్ కెమెరాలోకి చూసి, "ఓకే" అన్నాడు.

వారం తర్వాత మండలాఫీసు ఆవరణలో పరీక్ష. ఓబులేష్ అనే కొత్త కుర్రవాడు కళ్ళద్దాలు పెట్టుకుని, కనిపించే చేతులు చేసినట్టే చేసి పంపంతా బిగించాడు. ఎంత కొట్టినా చుక్క రాలేదు. ఈ తప్పు ఎవరిదని ఆఫీసరు అడిగాడు. హేమ పంపు చాటుకు జరిగింది.

"నాదే సార్. కంప్యూటర్‌లో వాషర్ బొమ్మను తిరగేసినాను" అన్నాడు అభిలాష్. ఆఫీసరు చీవాట్లు పెట్టి, సరిచేయడానికి ఒక వారం గడువిచ్చాడు.

షేర్ ఆటో దగ్గర హేమ అతన్ని పట్టుకుంది.

"తిరగేసింది నేనని నీకు తెలుసు."

"ఆ పొద్దే చూసినా."

"మళ్ళెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే అప్పుడే సరిచేస్తాంటివి. నేను బెంగుళూరు బస్సెక్కాల్సి వస్తాండె."

వచ్చే నవ్వును బలవంతంగా ఆపుకుంది హేమ. అతను గొంతు తగ్గించి, ఆదివారం బుక్కరాయసముద్రం నుంచి అమ్మను తీసుకుని హేమ వాళ్ళింటికి వస్తానన్నాడు. ఆటోలో కూర్చున్నవాళ్ళు ఇటు చెవులొగ్గారు.

హేమ స్పానర్ల సంచి భుజాన వేసుకుంది.

"తీసుకురా, వద్దనను. ఈ వారంలో నీ రికార్డింగ్ సరిగ్గా అయిపోతాది, నా పని పోతాది. నోటికాడి కూడు తీసుకున్నోడే పిల్లనడిగేకి వచ్చినాడని మా నాయనకు నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?"