మట్టిపెళ్లల ఇల్లు

"మేడం, ఆ గడ్డి ఆవులు తినేది!"

ఫోన్లో అమ్మతో తెలుగులో వాదిస్తూ పారతో నేల కోస్తున్న నిహారిక వెనక్కి తిరిగింది. గమ్ బూట్లతో ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు.

"ఓనర్‌ని అడిగే కోస్తున్నాను. ఉత్తర అమెరికా గడ్డి మైదానాలకి వలస వెళ్లినవాళ్లకి కలప దొరకలేదండి. గడ్డివేళ్లతో సహా మట్టిపెళ్లలు కోసి, పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. నేనూ అలాగే కట్టి, వారం ఉండి చూస్తాను. డునెడిన్ యూనివర్సిటీలో నా రీసెర్చ్ అదే."

"ఇన్వర్‌కార్గిల్ చలిలో, మట్టి ఇంట్లో?" ఆ అబ్బాయి, భార్గవ్, నవ్వాడు. "మా కరీంనగర్‌ల చెప్తే నమ్మరు."

అతను ఆ డైరీ ఫామ్‌లో పనిచేస్తున్నాడు. ఏ ఊళ్లోనూ సూట్‌కేస్ పూర్తిగా విప్పలేదు. ఇప్పుడు దేశం ఆ కొసన ఆక్లాండ్‌లో ఉద్యోగం వచ్చింది. శనివారం ఫ్లైట్.

రోజూ పాలు పితకడం అయ్యాక వంకలు పెట్టడానికి వచ్చేవాడు. పెళ్లలు మోసి వెళ్లేవాడు.

"ఆక్లాండ్‌లో ఏముంది?" అడిగింది ఒకరోజు.

"తెల్వదు. ఉన్నచోట కాలు నిలవదు, అంతే."

ఆమె పెళ్ల మీద పెళ్ల పెట్టింది. ఆ రోజు గోడ వంకరగా వచ్చింది.

శుక్రవారం సాయంత్రానికి కప్పు వేయడం అయింది. దక్షిణం నుంచి వాన, గాలి. వీడియో కాల్‌లో అమ్మ విజయలక్ష్మి గారు పట్టుబట్టారు.

"పాలు పొంగించకుండా ఆ ఇంట్లో పడుకోకు."

"వారం రోజుల ఇంటికా అమ్మా?"

"దీపం పెట్టిన చోటల్లా ఇల్లేనమ్మా."

భార్గవ్ పాలు తెచ్చాడు. గాలికి స్టవ్ మంట రెపరెపలాడుతుంటే జాకెట్ విప్పి అడ్డం పట్టుకున్నాడు. పాలు ఎంతకీ పొంగవు. పొంగేసరికి ఇద్దరూ ఒక్కసారే గిన్నె పట్టుకుని, "పొంగాయి!" అని అరిచారు.

"ఆగండాగండి!" ఫోన్లోంచి కేక. "ఎవరా అబ్బాయి? అలా ఇద్దరూ కలిసి పొంగించేది ఆలుమగలే!"

ఇద్దరూ చేతులు లాక్కున్నారు.

"సారీ ఆంటీ."

"దేవుడి ముందు చేసింది సారీతో పోతుందా నాయనా?"

"అమ్మా, అతను రేపు వెళ్లిపోతున్నాడు." తేలిగ్గా అనబోయింది నిహారిక. స్టవ్ మీంచి చూపు ఎత్తలేదు.

భార్గవ్ ఆమె వైపు చూశాడు. "అయితే తప్పేనా ఆంటీ?"

"శాస్త్రం నాకంత తెలీదు బాబూ. ఉండేవాడికి తప్పు కాదేమో. పోయేవాడికే..."

సిగ్నల్ పోయింది. అతను జాకెట్ తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నిహారికకి నిద్ర లేదు. పొద్దున్నే లేచి ఎయిర్‌పోర్ట్ వైపు రోడ్డు చూడకూడదనుకుంది. చూసింది. అమ్మకి వీడియో కాల్ చేసి, గుమ్మంలో నిలబడింది.

వానలో గోడ వెనక పార చప్పుడు.

"ఇంకా ఎందుకు కోస్తున్నావ్? నీ ఫ్లైట్?"

"క్యాన్సిల్ చేసిన."

"ఎందుకు?"

భార్గవ్ పార నేలలో గుచ్చాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. "బ్యాగ్ పట్టుకుని ఫామ్ గేటు దాకా పోయిన. ఆడికెళ్లి కాలు కదల్లేదు. నువ్వు ఏడుంటే ఆడ ఉండాలని ఉంది నిహారికా. నీకు ఇష్టమైతేనే."

నిహారిక తల ఊపింది, రెండుసార్లు.

చేతిలోని ఫోన్ మాట్లాడింది.

"కులం, గోత్రం తర్వాత అడుగుతాను. ముందు ఆ అబ్బాయిని లోపలికి రమ్మనవే, తడిసిపోతున్నాడు!"