గది కన్నా చల్లగా

రావులపాలెంలో అరటి మార్కెట్టు వెనక యుగంధర్‌కి ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలతో మొదలుపెట్టినవాడు, ఈమధ్య పోయినవాళ్ళ ఫోటోలని కదిలించే పనికి దిగాడు. పెద్దకర్మ భోజనాల దగ్గర తెర కట్టి, పోయిన మనిషి నవ్వుతూ దీవిస్తున్నట్టు చూపిస్తే, జనం విస్తట్లో చెయ్యి ఆపి మరీ ఏడుస్తారు. అదీ వ్యాపారం. దానికోసం కంప్యూటర్లోకి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొని, నాలుగు వీడియోలు చూసి, లిక్విడ్ కూలింగ్ తనే బిగించుకున్నాడు. గొట్టాల్లో నీళ్ళు తిరిగి కార్డు వేడి లాగేస్తుంటాయి. చుట్టూ రంగు లైట్లు. ఇలాంటి మహానుభావుల వల్లే రాజమండ్రిలో నా సర్వీసు షాపు నడుస్తోంది. అయినా వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

కార్డు కాలిపోతోందని ఫోన్ చేస్తే మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. బయట మాడిపోయే ఎండ. లోపల ఏసీ లేదు. సోఫాలో అశ్విని అనే అమ్మాయి కూర్చుని ఉంది. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ పెద్దకర్మ మర్నాడే. అమ్మ పోయే వేళకి తను పక్కన లేదట. వీడియోలో అమ్మ ఒక్కసారి తనవైపు చూస్తే చాలంది. బొమ్మ చూపుకి ఇంత ఆరాటమా అనుకున్నాను.

మిగతా వీడియోలన్నీ బాగానే వస్తున్నాయట. సంపూర్ణమ్మది మొదలుపెడితేనే కార్డు వేడి తొంభై డిగ్రీలు దాటి, తెరంతా చారలు పడి, మెషీన్ ఆగిపోతోందట. మెషీన్‌కి ఎవరి అమ్మయితే ఏంటి అని విసుక్కుని, గొట్టాల్లో ఏం పోశారని అడిగాను.

"ఆయ్, డిస్టిల్డ్ వాటరేనండి," అన్నాడు యుగంధర్.

అబద్ధమని నీళ్ళ ట్యాంకు మూత తీయగానే తెలిసింది. గోదారి బురద వాసన. దాని వెనకే కాలిన కట్టెల వాసన. కార్డు మీది రాగి పలక విప్పితే, దాని సన్నటి గాడుల నిండా బూడిదరంగు మడ్డి. నీళ్ళన్నీ బకెట్లోకి దింపి బాత్‌రూమ్ తూములో పారబోశాను. మడ్డిని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, అదీ తూములోకే కడిగేశాను. గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న గరుకు మాత్రం ఎంత తోమినా పోలేదు.

బయటికి వచ్చేసరికి అశ్విని ఓ ప్లాస్టిక్ సీసా పట్టుకుని నిలబడి ఉంది. సగం ఖాళీ. అస్థికలు కలిపిన చోట పట్టిన గోదారి నీళ్ళట. ఇంటి శుద్ధికని తెచ్చింది. అమ్మని మొత్తం వదులుకోలేక చిటికెడు బూడిద అందులోనే ఉంచుకుందట. నిన్న ఇక్కడ మర్చిపోతే, యుగంధర్ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టాడు. గొట్టాల్లో నీళ్ళు తగ్గాయని, గోదారి నీళ్ళకంటే శుభ్రమైనవేముంటాయని, కార్డుకి పోశాడు. వెధవ తెలివి.

అశ్విని వాణ్ణి చూడలేదు. నన్నే చూసింది.

"ఎక్కడ పారబోసేరండి?"

"తూములో. ఏ తూమైనా చివరికి గోదాట్లోనే కలుస్తుందిలేమ్మా," అన్నాను. నవ్వాను కూడా.

కొత్త కూలెంట్ నీళ్ళు పోసి, గాలి బుడగలు తీసి, వీడియో మొదలుపెట్టాను. కార్డు వేడి యాభై. బాగుంది. ముప్ఫై అయిదు... ముప్ఫై... నాకు నవ్వు ఆగిపోయింది. గాలితో చల్లారే నీళ్ళు ఆ గాలికన్నా చల్లబడవు. గదిలో నలభైకి తక్కువ లేదు. సెన్సర్ చెడిందనుకుని గొట్టం పట్టుకున్నాను. వేళ్ళు కొంకర్లు పోయాయి.

ఇరవై... పన్నెండు...

బొమ్మ తయారైంది. సంపూర్ణమ్మ కళ్ళు తెరిచింది.

"అమ్మా... ఇటు చూడు," అంది అశ్విని మెల్లగా.

ఆవిడ చూడలేదు. నన్ను చూస్తోంది. నేను గోడ వైపు జరిగాను. కళ్ళు జరిగాయి. తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తల నావైపు తిరిగింది. పెదాలు కదిలాయి. శబ్దం లేదు. కానీ ఇందాక అశ్విని నన్ను అడిగిన మాటే అది... ఎక్కడ...

భయంతో ప్లగ్గు పీకేశాను. తెర ఆరిపోయింది. కరెంటు లేని గొట్టాల్లో నీళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

అశ్విని చాలాసేపు ఆ నల్ల తెర ముందే నిలబడింది. ఏడవలేదు. సీసా బ్యాగులో పెట్టుకుని, నా పక్కనుంచి వెళ్తూ ఆగింది.

"నా వైపు చూడలేదండి. ఇంక మీ దగ్గరే ఉంటుందేమో. జాగ్రత్తగా చూసుకోండి."

ఆ వారం ఒంట్లో నలతగా ఉంటే ఆస్పత్రికి వెళ్ళాను. నర్సు కృపారాణి, నేనూ ఒకే బడిలో చదువుకున్నాం. కబుర్లు చెబుతూ నా చంకలో థర్మామీటరు పెట్టింది. తీసి చూసి, ఒంటి వేడే చూపించట్లేదు, ఇది పాడైందే అని నవ్వింది. తనకి పెట్టుకుని చూసుకుంది. బాగానే పనిచేసింది. మళ్ళీ నాకు పెట్టింది.

ఈసారి నవ్వలేదు. నన్ను తాకకుండా లేచి, వెళ్ళి ఫ్యాను ఆపింది.