పిడుగు విప్పని గొట్టం

"గేర్‌బాక్స్‌ని చంపేశారు," అన్నాడు చీఫ్. "చంపింది మన మనిషే."

ఏజెంట్ పిడుగు నవ్వబోయి, చీఫ్ ముఖం చూసి మానుకున్నాడు. బ్రీఫింగ్ గబగబా సాగింది. నౌకాదళం రాడార్ కోడ్ ఉన్న మైక్రోఫిల్మ్‌ను విదేశీ ముఠా కొట్టేసింది. నాయకుడి మారుపేరు కళ్ళజోడు. అతని అందాల సెక్రటరీ ముత్యం నిజానికి మన డబుల్ ఏజెంట్. ఫిల్మ్ ఎక్కడ దాచారో, ఏ ఓడ ఎక్కబోతోందో ఆమెకు తెలుసు. కానీ కళ్ళజోడు ఆమెను క్షణం వదలడు. అందుకే అతని కారులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె కార్చేసి, దాన్ని కాల్చేసింది. కారు మన గ్యారేజీకే వస్తోంది. పిడుగు మెకానిక్ వేషంలో కొత్త గేర్‌బాక్స్ బిగించాలి, కారు ఎటు పోతోందో చెప్పే ట్రాన్స్‌మిటర్ దానికి తగిలించాలి, ముత్యం పంపే కబురు అందుకోవాలి.

"కొత్తది పెట్టేముందు నూనె చల్లబరిచే కూలరు, దాని గొట్టాలు, మౌంటులు, వైరింగు అన్నీ చూడు," అన్నాడు చీఫ్. "మెకానిక్ అన్నవాడెవడైనా చూస్తాడు."

"నాకు చెప్పాలా సార్?" అన్నాడు పిడుగు.

గ్యారేజీలో పిడుగు ట్రాన్స్‌మిటర్‌ను ముద్దుగా అమర్చాడు. గేర్‌బాక్స్ బిగించాడు. కూలరు వైపు గొట్టాలను విప్పకుండా పాతవాటినే తగిలించేశాడు. మిగిలిన సమయమంతా అద్దం ముందు పెట్టుడు మీసం సర్దుకోవడానికే సరిపోయింది. వచ్చేది ముత్యం మరి.

ఆమె వచ్చేసరికి అతనింకా అద్దం ముందే ఉన్నాడు. ఆమె వెనకే కళ్ళజోడు.

"నూనె ఎర్రగా ఉందా?" అని అడిగింది. అది కోడ్.

"దానిమ్మ గింజలా ఉంది మేడం." అది జవాబు.

"కూలర్ గొట్టాలు విప్పి చూశారా?"

"ఎందుకు మేడం, గేర్‌బాక్స్ కొత్తదేగా."

ముత్యం పెదవుల మీద నవ్వు చెదరలేదు కానీ ముఖం పాలిపోయింది. కారెక్కింది.

కారు సందు తిరిగాక పిడుగు కబురు కోసం జేబులు తడుముకున్నాడు, కౌంటర్ మీద వెతికాడు. ఏమీ లేదు. అప్పుడు ఆమె రెండో ప్రశ్న గుర్తొచ్చింది. అది కోడ్‌లో లేదు. కబురున్న గుళిక కూలర్ గొట్టంలో ఉంది. ఏ మెకానిక్ చేతికైనా దొరికే చోట పెట్టింది, పాపం. పిడుగు చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆమె ప్రాణం ఆ గొట్టంలో పెట్టి పంపిస్తే, తను మీసం దువ్వుకున్నాడు.

ట్రాన్స్‌మిటర్ నుంచి కూత కాసేపు వినిపించి ఆగిపోయింది. గొట్టానికి గుళిక అడ్డుపడి నూనె చల్లబడక, కొత్త గేర్‌బాక్స్ దానితో సహా ఉడికిపోతోంది. పిడుగు గ్యారేజీ స్కూటర్ అందుకున్నాడు. పొంగిన నూనె రోడ్డు పొడుగునా ఎర్రటి బొట్లుగా పడి ఉంది. ఆ బొట్లే అతనికి దారి చూపించాయి.

రేవుకు పోయే ఎత్తు రోడ్డు మీద కారు పొగలు కక్కుతూ ఆగి ఉంది. కూలర్‌కి ఏదో అడ్డుపడినట్టుందని, ముందు గొట్టం చూడాలని కళ్ళజోడుకి అతని డ్రైవర్ చెబుతున్నాడు. శత్రువుల డ్రైవర్‌కి తెలిసింది తనకు తెలియలేదని పిడుగుకు తల కొట్టేసినట్టయింది. క్లిప్పు ఊడింది. గొట్టం చివర గుళిక తళుక్కుమంది. కళ్ళజోడు చెయ్యి కోటులోకి వెళ్ళింది.

ముత్యం లిప్‌స్టిక్ తిప్పింది. అందులోంచి మత్తు పొగ సూటిగా కళ్ళజోడు ముఖాన పడింది. పిడుగు పిస్తోలు డ్రైవర్ మెడకు ఆనింది. గుళికలో చీటీ ఉంది: ఫిల్మ్ కళ్ళజోడు కళ్ళద్దాల ఫ్రేములో. చీటీలో పేరున్న ఓడ ఎదురుగా రేవులో కూత పెడుతోంది.

ఆఫీసులో చీఫ్ పతకం డబ్బా తెరిచాడు. గుళికతోనే కారు ఆపించడం మాస్టర్ ప్లాన్ అని మెచ్చుకున్నాడు. ముత్యం కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆ ప్లాన్ పిడుగుదేనంది.

ఆ మాట పిడుగుకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

"కాదు సార్," అన్నాడు నేల చూస్తూ. "నేను గొట్టాలు విప్పి చూడలేదు. ఈవిడ చచ్చిపోయేది."

చీఫ్ డబ్బా మూసి సొరుగులో పెట్టాడు. ఆ కారు ఇక డిపార్ట్‌మెంట్‌దేనని, దానికి మళ్ళీ గేర్‌బాక్స్ మార్చాలని చెప్పాడు.

"నేనే మారుస్తాను సార్. ఈసారి అన్నీ చూసి."

ముత్యం హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది.

"పక్కన నేను నుంచుంటాను సార్," అంది. "గ్యారేజీలో ఆ అద్దం మాత్రం తీయించండి."