గాడిదపిల్లకి గొడుగు

లంచ్ బెల్ మోగేసరికి శుభ్రమ్మ అరిగిపోయిన రబ్బరుతో ఇరవై మూడో పేజీ మీద యుద్ధం చేస్తోంది.

ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. క్లాసులో మాత్రం అందరికీ శుభ్రమ్మే. పెన్సిల్ చెక్కిన పొట్టుని కూడా పొట్లం కట్టి పారేసే పిల్లని ఇంకేమంటారు? అందుకే ఈ వారం పాత పుస్తకాల్లో పెన్సిల్ గీతలు తుడిచే పని లైబ్రరీ టీచర్ ఆమెకి అప్పగించారు.

చేతిలో ఉన్నది గాడిదపిల్ల కథ. అట్ట మూలలు నలిగి, మూడుచోట్ల టేపు వేసిన పుస్తకం. అమ్మని వెతుక్కుంటూ బయలుదేరిన గాడిదపిల్ల ఇరవై మూడో పేజీలో ఒంటరిగా వానలో నిలబడి ఉంది. చెవులు రెండూ వేలాడిపోయాయి. దాని చుట్టూ ఎవరెవరో పెన్సిల్‌తో గొడుగులు గీసేశారు. పెద్దవి, బుల్లివి, చారలవి, చుక్కలవి. ఒకటైతే అచ్చం తలకిందులైన గిన్నె.

"ఛీ! పుస్తకమా ఇది, గోడా?" అనుకుంది శుభ్రమ్మ. చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దింది. ఒక్క గొడుగూ మిగల్లేదు.

లంచ్ అయ్యాక ఒకటో క్లాసు పిల్లలు బిలబిలా వచ్చారు. వాళ్లలో ఒకచోట కుదురుగా ఉండని పిల్లని అందరూ ఉడుత అంటారు. తనంతట తాను చదవడం ఈమధ్యే మొదలుపెట్టింది, అదీ ఈ ఒక్క పుస్తకమే. వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఇరవై మూడో పేజీకి వచ్చింది. వేలు ఆగిపోయింది.

"నా గొడుగేదీ?"

"నేనే తుడిచేశా. పుస్తకాల్లో గీయకూడదని తెలీదూ?"

"తెలుసు."

"మరెందుకు గీశావ్?"

"తడుస్తోంది కదక్కా!"

శుభ్రమ్మ తెల్లబోయింది. "ఒసేయ్, అది బొమ్మే! ఇరవై ఎనిమిదో పేజీలో వాళ్లమ్మ కనబడుతుందిగా?"

"అందాకా దానికి గొడుగెవరు పడతారు?"

ఉడుత పుస్తకం మూసేసింది. "నేనింక చదవను పో!"

శుభ్రమ్మ ఆ పేజీ తెరిచి పట్టుకుని టీచర్ దగ్గరికి పరుగెత్తింది. "గీయడం తప్పే కదా టీచర్?"

"తప్పే."

"తుడవడం రైటే కదా?"

"రైటే," అన్నారు టీచర్, ఆ పేజీ వంక దిగులుగా చూస్తూ.

"మరి మీరెందుకలా ఉన్నారు?"

"నేనూ చాలాసార్లు రబ్బరు తీశానమ్మా. మళ్లీ సొరుగులో పెట్టేశాను. నీకు ముందే చెప్పాల్సింది."

రైటే అంటారు, ముఖం మాత్రం అలా పెడతారు! శుభ్రమ్మకి తలా తోకా అర్థం కాలేదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ కుట్టు మిషన్ మీద ఉంది. అమ్మ చదివింది కూడా ఆ బళ్లోనే.

"అమ్మా, గాడిదపిల్ల కథ తెలుసా?"

మిషన్ ఆగింది. "ఇంకా ఉందా ఆ పుస్తకం! మా రోజుల్లోనే అట్ట ఊడిపోతుండేది. మబ్బు పక్కన చారల గొడుగు నాదే. పిడి వంకరపోయింది. చూశావా?"

చూసింది. తన చేత్తోనే తుడిచింది.

"తుడిచేశానమ్మా."

అమ్మ నోట్లోంచి "అయ్యో" అని చిన్నగా వచ్చింది. అంతే.

"నీకు తెలీదూ అది బొమ్మేనని?"

"తెలుసు. అయినా దాన్నలా వదిలేసి పేజీ తిప్పలేకపోయాను. నువ్వు చదివావుగా, నీకేమనిపించింది?"

శుభ్రమ్మ తలొంచుకుంది. చదవలేదు. పేజీలు తిప్పుతూ తుడిచిందంతే.

మర్నాడు బెల్ కొట్టకముందే లైబ్రరీలో కూర్చుంది. మొదటి పేజీ నుంచి చదివింది. ఇరవై మూడో పేజీ వచ్చింది. చుట్టూ అంత తెల్లకాగితం. మధ్యలో తడిసిపోతున్న గాడిదపిల్ల. తిప్పబోయిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

లేచి వెళ్లి ఉడుతని వెతికి పట్టుకొచ్చింది. బాగా చెక్కిన పెన్సిల్ చేతికిచ్చింది.

"ముందు నువ్వు."

ఉడుత అనుమానంగా చూసింది. "మళ్లీ తుడిచేస్తావా?"

"తుడవను."

ఉడుత నాలుక బయటపెట్టి, సరిగ్గా గాడిదపిల్ల నెత్తిమీద పెద్ద గొడుగు వేసింది. చెవులు రెండూ దాని కిందికి వచ్చేశాయి.

"ఇప్పుడు నువ్వక్కా."

శుభ్రమ్మ మబ్బు పక్కన చిన్న గొడుగు గీసింది. స్కేలు లేకుండా చారలు వేసింది. పిడి దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగి, కావాలనే వంకరగా లాగింది.

"ఇంకా పెద్దది గీయచ్చుగా?"

"వెనకాల వచ్చేవాళ్లకి చోటుండొద్దూ?" అని, శుభ్రమ్మ పేజీ తిప్పింది.