చాలిక లేని చేయి

నాలుగో బోల్టు దగ్గర ఇమ్మానుయేలు మణికట్టు వెచ్చబడింది. ఆ వెచ్చదనం మోచేతి దాకా పాకి, ఛాతీలో ఒక నిండుదనంగా మారింది. చాలు. అతను స్పానర్ తీసి ఐదో బోల్టుకు తగిలించాడు.

ఆటోనగర్‌లో అది మామూలు మధ్యాహ్నం. ఎదురుగా టీ బండివాడు చక్కెర వేస్తూ, చాలిక వెచ్చబడగానే చెంచా ఆపాడు. రోడ్డు మీద గొంతులు చించుకుంటున్న ఇద్దరు మనుషులు మాట మధ్యలో తృప్తిగా ఊపిరి వదిలి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

చాలిక మాట్లాడదు. మణికట్టుకు పట్టీలా అంటుకుని, చేసే పనినీ చేసే మనిషి రక్తాన్నీ ఒకేసారి చదువుతుంది. లోకంలోని ప్రతి పనికీ ఉన్న మేర దానికి తెలుసు. ఆ మేర రాగానే నరాలకు తృప్తిని అందిస్తుంది. కూరలో ఉప్పుకైనా, కోపానికైనా అంతే. అది వచ్చాక ఊళ్లో కొట్లాటలు లేవు. బడిలో చేరిన రోజు నుంచీ ఇమ్మానుయేలు దాన్ని తీసి ఎరగడు.

షెడ్డులో పాత టైరు మీద కూర్చున్న అతని భార్య ఎస్తేరు చేతికి మాత్రం చాలిక లేదు. ఒకప్పుడు అది ఉన్న చోట చర్మం మీద తెల్లని చార మిగిలింది.

"అయిందా అండీ?"

"ఇంకొక్క చుట్టు. చీకటి పడకముందే బాపట్లలో ఉంటాం."

రేపు సమాధుల పండుగ. బాపట్లలో, ఎస్తేరు పుట్టింటివాళ్ల సమాధుల పక్కన, ఈ ఇద్దరి నాలుగేళ్ల కొడుకు బెన్ను ఉన్నాడు. సమాధికి సున్నం వేసి కొవ్వొత్తులు పెట్టాలి. చాలిక లేని మనిషిని, డ్రైవరు లేకుండా నడిచే స్వయంరథాలు ఎక్కించుకోవు. ఎప్పుడు ఆగుతుందో తెలియని ఏడుపును మోసుకెళ్లే వీలు వాటికి లేదు. అందుకే ఆమె తండ్రి వాడిన ఈ పెట్రోలు కారు. ఇంజన్‌కీ దాని మూత అయిన హెడ్డుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ కాలిపోతే, పాత ఇనుప కొట్లన్నీ గాలించగా ఒక్కటి దొరికింది. ఒకసారి నొక్కుకున్నాక గ్యాస్కెట్ మళ్లీ పనికిరాదు.

బెన్నును పూడ్చిన వారంలోనే చాలిక వెచ్చబడి ఇమ్మానుయేలు ఏడుపును ఆపేసింది. అతను లేచి ముఖం కడుక్కున్నాడు. ఆకలి వేసింది, అన్నం పెట్టమన్నాడు. ఎస్తేరు పెట్టింది. ఆ రాత్రే, తనకూ మణికట్టు వెచ్చబడబోతుంటే, కత్తెరతో చాలికను కోసి పారేసింది.

"రేపు అక్కడ ఏం చేస్తారు మీరు?" అంది ఎస్తేరు.

"ఏం చెయ్యడమేంటి? నీతోపాటు సున్నం వేస్తా."

"సున్నం సరే. పక్కన నిలబడి నేను ఏడుస్తుంటే, రిపేరు పూర్తయిన బండిని చూసినట్టు చూస్తారుగా నన్ను."

"ఎస్తేరూ..."

"మీకేంలెండి. హెడ్డు బోల్టు బిగించినట్టు బిగించేసింది మిమ్మల్ని. చుక్క కారదు."

జవాబు కోసం అతను లోపల వెతికితే, తుడిచిన బల్ల లాంటి చోటు ఒకటి కనిపించింది. అక్కడ ఏదో ఉండేదని తెలుసు. ఏమిటో గుర్తుకు రాలేదు. ఆ ఖాళీ అతన్ని మొదటిసారి భయపెట్టింది.

చాలికను ఊడదీసి కిటికీలో పెట్టాడు.

"ఏంటండీ అది?" ఎస్తేరు లేచి నిలబడింది. "బండి అయ్యాక తియ్యండి. నాకు రేపు వెళ్లడం ముఖ్యం."

"ఈ చివరి చుట్టు నా చేత్తో బిగిస్తా."

ఆమె మళ్లీ టైరు మీద కూర్చుంది. ఆమె ముఖంలో ఎన్నాళ్లకో ఒక ఆశ కదిలింది.

వరుస అతనికి కంఠతా వచ్చు. నడిమి బోల్టుతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా అంచులకు రావాలి. చివరి చుట్టులో బోల్టు ఇనుము వెంట్రుకవాసి సాగాలి. సాగినప్పుడే అది వెనక్కి లాగుతూ హెడ్డును పట్టి ఉంచుతుంది. తక్కువైతే నీళ్లూ నూనే కలుస్తాయి. ఎక్కువైతే తెగుతుంది.

వరుస అతనిదే. మేర ఏనాడూ అతనిది కాదు.

నడిమి బోల్టు మీద బరువు వేశాడు. అలవాటుగా మణికట్టు వైపు మనసు పెట్టాడు. అక్కడ గాలి తగిలింది, అంతే. ఇంకొంచెం తిప్పాడు. గట్టిగానే ఉంది. గట్టిగా ఉండడం చాలడమేనా?

"చాలంటావా?" అన్నాడు.

"నన్నడుగుతారేంటి? మీ చేతికి తెలీదా?"

ఇంకొంచెం. అప్పుడు స్పానర్ కింద బోల్టు మెత్తబడింది, వెన్నలో తిరిగినట్టు. ఆగమని చెప్పేది అదొక్కటే. ఆ మెత్తదనాన్ని అతను ఎన్నడూ ఎరగడు. పని సాఫీగా సాగుతోందనుకున్నాడు.

టప్పుమంది. బోల్టు తల స్పానర్‌తోపాటు చేతిలోకి వచ్చింది. మొండెం ఇంజన్‌లో ఉండిపోయింది.

హెడ్డు మళ్లీ విప్పాలి. ఇంకో గ్యాస్కెట్ లేదు. రేపటికి బాపట్ల లేదు.

ఇమ్మానుయేలు చేతిలోని తెగిన తల వైపు చూస్తున్నాడు. తెగిన చోట ఇనుము కొత్తగా, పాలపన్నులా మెరుస్తోంది. అతని గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది తన గొంతని అతనికి తెలియలేదు. ఏడుపు ఆ వారంలో ఎక్కడ ఆగిందో, సరిగ్గా అక్కడి నుంచే మొదలైంది.

"నాన్నా... బెన్నూ..."

ఎస్తేరు దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్నది ఇదే. చెయ్యి చాచింది. అతను దాన్ని అందుకున్నాడు, రెండు చేతులతో పట్టుకున్నాడు, బిగించాడు.

"ఏడవండి, పర్లేదు," అంది. కాసేపటికి, "ఏవండీ, నొప్పి," అంది.

అతను బిగిస్తూనే ఉన్నాడు.

"వదలండి! చెయ్యి విరిగిపోతుంది!"

ఇమ్మానుయేలు తడి కళ్లెత్తి ఆమె ముఖం చూడలేదు. తన బోసి మణికట్టు వైపు చూశాడు. అది వెచ్చబడే దాకా ఎదురుచూస్తూ, ఇంకొంచెం బిగించాడు.