మొదటి శిష్యురాలు

కూతురు ఆ రోజు పని నుంచి ముందే ఇంటికొచ్చేసింది. "ఏంటమ్మా ఇది?" అంటూ గుమ్మంలోనే చెప్పులైనా విప్పకుండా నిలబడిపోయింది. ఎనిమిదేళ్ల మనవరాలి భుజం మీద ఫిడేలు ఉంది.

"నా బిడ్డకి మాత్రం నేర్పనని నాకు మాటిచ్చావు కదా."

ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో పిల్లలకు ఫిడేలు నేర్పుతున్న అమ్మమ్మ చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టింది. మనవరాలే మాట అందుకుంది. "నేనే అడిగానమ్మా. అన్నం మానేస్తానంటే అమ్మమ్మ ఒప్పుకుంది. మొదట్లో పిల్లి అరిచినట్టు ఉండేది, ఇప్పుడు పాటలా వస్తోంది."

కూతురు బల్ల దగ్గరికి వచ్చింది. పెద్దక్షరాల పుస్తకం, రంగు చుక్కలతో స్వరాలు రాసిన అట్టలు, పిల్లకిష్టమైన జోలపాటను నాలుగు వరుసల్లో చేత్తో రాసిన కాగితం, ఇద్దరు కలిసి వాయించే చిన్న చిన్న పాటలు... ఒక్కొక్కటే తీసి చూసింది.

"ఇవన్నీ దీనికేనా?"

"మొదట్లో అందరికీ ఒకే పుస్తకం పనికిరాదమ్మా. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని. దీనికి రాసింది చూస్తే భయం. అందుకే ముందు తెలిసిన పాట వినిపించి, తర్వాత అదే రాసి చూపిస్తున్నాను. విసుగొస్తే మార్చడానికి ఇవి..."

"మరి నాకో?"

ఆమె తల దించుకుంది. తన గురువు ఇచ్చిన పాత పుస్తకం ఒక్కటే ఆ రోజుల్లో ఆమెకు వేదం. ఒక పాఠం తప్పు లేకుండా వస్తేనే పేజీ తిప్పనిచ్చేది. మొదటి శిష్యురాలైన ఏడేళ్ల కూతురు నాలుగో పేజీ దగ్గర మూడేళ్లు నలిగిపోయింది. వేళ్లు కంది, కళ్లు వాచి, ఒకనాడు ఫిడేలు పెట్టెలో పెట్టి మూసేసింది. "నాకు సంగీతం రాదులేమ్మా" అని పదేళ్ల పిల్ల అన్న ఆ మాట ఇన్నేళ్లుగా ఆమెను లోలోపల కోస్తూనే ఉంది.

"నువ్వు మానేసిన మరుసటి నెల ఇంకో పిల్ల చేరింది. అదీ ఆ పేజీ దగ్గరే ఏడ్చింది. నీ ఏడుపు అప్పుడు వినపడింది నాకు... వెంటనే పుస్తకం మార్చేశాను."

"దానికి మార్చావు. నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"సిగ్గమ్మా. తల్లినై ఉండి తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ, రేపు అనుకుంటుండగానే నువ్వు పెద్దదానివైపోయావు."

"అంటే నన్ను పాడు చేసి పాఠం నేర్చుకున్నావన్నమాట." కూతురు చేతిలోని కాగితం బల్ల మీద పెట్టేసింది. "ఇన్నాళ్లూ నాకే చేతకాలేదనుకున్నాను..."

ఆమె సమర్థించుకోవడానికి ఒక్క మాటైనా వెతకలేదు. "నీ చేతకానితనం ఏమీ లేదు తల్లీ. నీ చెవి దీనికంటే చురుకు. నాకే నేర్పడం రాలేదు," అంది కన్నీళ్లు తుడుచుకోకుండానే.

మనవరాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తల్లి చెయ్యి పట్టుకుంది. "రామ్మా, ఇద్దరు వాయించే పాటలో కింది వరుస చాలా సులువు."

కూతురు ఫిడేలు అందుకుంది. భుజం దాకా తెచ్చింది. మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"నా వల్ల కాదమ్మా. మీరిద్దరూ వాయించుకోండి." గుమ్మం దాటబోతూ ఆగింది. "నిన్ను క్షమించానని అనలేను. దాన్ని మాత్రం ఏడిపించకు."

"అలాగేనమ్మా."

ఆ రోజు నుంచి సాయంత్రం పాఠం మొదలయ్యే వేళకు కూతురు ఏదో పని కల్పించుకుని బజారుకు వెళ్లేది. పాఠం అయ్యాకే తిరిగొచ్చేది. ఆమె ఒక్కనాడూ ఉండమని పిలవలేదు. పిలిచే హక్కు తను ఎప్పుడో పోగొట్టుకుంది.

మూడు నెలలకు మనవరాలు ఒక పాట మొత్తం వాయించింది. ఆ పూట కూతురు బయటికి వెళ్లలేదు. చివరిదాకా విని, బిడ్డ వేళ్లు ముద్దు పెట్టుకుని, తల్లి వైపు చూడకుండా తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆమె ఆ తలుపు వైపు కాసేపు చూసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, మనవరాలికి రేపు నేర్పడానికి ఇంకో పాట వెతకసాగింది.