నీకిష్టమున్నన్ని రోజులు

కోదాడలో ఉమారాణి వాళ్లింట్లో ఏటా చలికాలం రాగానే ఒక పంచాయితీ మొదలయ్యేది. మొగుడు శివాజీ మేళ్లచెరువు సిమెంట్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి, ఒంటి మీది దుమ్మయినా కడుక్కోకుండా, గోడకు ఆనుకుని కూర్చుని అడిగేవాడు.

"ఎన్ని రోజులుందాం, ఉమా?"

నల్లమల నడక సంగతి అది. మిర్యాలగూడ, దేవరకొండ మీదుగా పోయి, డిండి దాటితే వచ్చే అడవి. ఆయన నాలుగు రోజులనేవాడు. కూతురు వైష్ణవిని భుజాల మీద ఎక్కించుకుని కొండలన్నీ తిప్పుతాడట. ఉమారాణి ఒక్క రాత్రికి మించి ఒప్పుకునేది కాదు.

"బియ్యమెవరు మోస్తరు, నీళ్లెవరు మోస్తరు? పిల్లకు జ్వరమొస్తే గాడ దవాఖాన మీ తాత కట్టించిండా?"

మాటా మాటా పెరిగి, నవ్వులాటలో పడి, ఆ ఏటి నడక వచ్చే ఏటికి జరిగేది. ఆలుమగల ముచ్చట, దానికేం తొందర అనుకున్నారు పాపం. పోయిన ఎండాకాలం హైవే మీద శివాజీని లారీ గుద్దింది. దవాఖాన దాకా కూడా నిలువలేదు ప్రాణం.

మూడో రోజు పిట్టకు పెట్టారు. ఆయనకిష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి దూరంగా నిలబడితే, కాకి కొమ్మ మీద నుంచి చూస్తుందే గానీ దిగదు. పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందన్నమాట. తల్లి బక్కమ్మ చేతులు జోడించి, "నీ బిడ్డను కడుపుల పెట్టుకుని సాదుకుంట కొడుకా" అంది. దిగలేదు. అన్నదమ్ములు తలా ఒక మాట ఇచ్చారు. దిగలేదు. చివరికి ఉమారాణి ముందుకొచ్చి, "నువ్వన్న అడవి నేను నడిచొస్త" అంది. కాకి దిగి ముద్ద ముట్టింది.

అందుకే ఈ చలికాలం ఆమె బయల్దేరింది, తమ్ముడు సాయితేజను తోడు తీసుకుని. రెండు రోజులు చాలక్కా అన్నాడతను. "నాలుగు. ఒక్కటి తక్కువైనా ఊకోను" అందామె. పిల్లను అత్త దగ్గర వదిలింది. నన్ను గూడ తీస్కపొమ్మని గేటు పట్టుకుని ఏడ్చింది వైష్ణవి.

తోవ చూపడానికి బిక్షం అనే ముసలాయన వచ్చాడు. అడవి అంచున చెప్పులు విడిచి దండం పెట్టి, ఒక్క మాట చెప్పాడు.

"లోపల ఎవలడిగినా ఎన్ని రోజులుంటమో చెప్పొద్దు బిడ్డా. పోయొస్తం అనాలె. గంతే."

"ఎవరడుగుతరు తాతా, కోతులా?" అని సాయితేజ నవ్వాడు. బిక్షం నవ్వలేదు.

మొదటి రెండు రోజులూ ఏమీ కాలేదు. ఎండిన టేకాకుల మీద నడక, ఊట నీళ్లు, కొరికే చలి. ఏ గుట్ట ఎక్కి చూసినా, ఇది చూడాల్సినవాడు లేడే అనుకునేది ఆమె.

మూడో నాడు పొద్దుగూకే వేళ, మగవాళ్లిద్దరూ పుల్లల కోసం వాగు అవతలికి పోయారు. ఉమారాణి ఒక బండ పక్కన కూర్చుని బియ్యం కడుగుతోంది. పిట్టల అరుపులు ఆగిపోవడం మొదలైంది. ఒక్కసారిగా కాదు... ఒక్కో చెట్టు మీదా... దూరం నుంచి దగ్గరికి.

తర్వాత వాసన వచ్చింది. అడవిలో ఉండకూడని వాసన. చెమటా, సిమెంట్ దుమ్మూ కలిసిన వాసన.

ఆమె చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి. వెనక ఎండుటాకులు నలిగాయి. ఎవరో బండకు ఆనుకుని కూర్చున్నారు... బరువుగా... డ్యూటీ దిగి వచ్చినవాడిలాగా.

"ఎన్ని రోజులుందాం, ఉమా?"

భయం కంటే ముందు దుఃఖం తన్నుకొచ్చింది. బతికున్నన్నాళ్లూ ఈ ఒక్క మాటకు సరే అనలేదు కదా తను. బిక్షం చెప్పింది గుర్తు రాలేదని కాదు, వచ్చింది. పోయొస్తం అంటే ఆయన లేచి పోతాడు. ఆ మాటకు ఆమెకు నోరు రాలేదు.

"నీకిష్టమున్నన్ని రోజులు," అంది గుసగుసగా. "ఇగ నేను అడ్డం చెప్ప."

ఆకులు కదిలాయి. వాసన పోయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. బండను తడిమితే వెచ్చగా ఉంది. దాని మీద చెంప ఆనించి, అక్కడే కూలబడి ఏడ్చింది.

బిక్షం వచ్చి ఆమె మొహం చూసి పుల్లలు కింద పడేశాడు.

"ఏమన్నవ్ బిడ్డా?"

దాచకుండా చెప్పింది. ముసలాయన ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"నిన్ను గాక... వానికి పానంలెక్క ఎవలున్నరు?"

"ఒక్క కూతురు, తాతా."

"చీకట్ల నడవరాదు. తెల్లారంగనే పోదాం" అన్నాడు బిక్షం. ఆ రాత్రి ముగ్గురిలో ఎవరూ కన్ను మూయలేదు.

తెల్లారి అడ్డదారిన పరుగులాంటి నడకతో రోడ్డెక్కేసరికి ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. కోదాడ ఇంకా సగం రోజు దూరం. సాయితేజ నంబర్ కలిపి ఉమారాణికి ఇచ్చాడు. బక్కమ్మ ఎత్తింది.

"మంచిగనే ఉన్నం బిడ్డా. నీ బిడ్డే... లేచిన కాంచి సంచి సర్దుకుంటుంది. నాన్న అడవికి తీస్కపోతనన్నడట. కలగన్నదేమో. ఎన్ని రోజులే అంటే, నాన్నకిష్టమున్నన్ని రోజులు, అమ్మ సరేనన్నది అంటది. నువ్వేమన్న చెప్పినవా?"

"అత్తమ్మా... పిల్లను పట్టుకో. గట్టిగ పట్టుకో. తలుపెయ్యి."

"ఎందుకే, ఈడనే ఉంది. ఇగో, మాట్లాడు."

"అమ్మా." వైష్ణవి గొంతు. ఎంత సంతోషంగా ఉందో.

"చిట్టితల్లీ... నాయనమ్మ కొంగు పట్టుకో. ఎటు పోకు. సంచి కింద పెట్టు. నేనొస్తున్న."

"స్వెట్టర్ పెట్టుకుంటుంటె నాన్న వద్దంటున్నడమ్మా," అంది పిల్ల. "ఇగ నాకు చలి పెట్టదట."